40 మందిని చూసి టెస్ట్ పారేయకండి: మీ 0.12 వెనక ఏముంది?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను, ఎక్కడైనా పొరబడితే సరిచేయండి. పరవాడ దగ్గర మందుల తయారీ కంపెనీలో మీరు హెచ్‌ఆర్ చూస్తున్నారు. ఏడాది కిందట ట్రైనీ ఆపరేటర్ పోస్టులకు 600 మంది రాత పరీక్ష రాశారు. మార్కుల వరసన పై 40 మందిని తీసుకున్నారు. ఏడాది తిరిగాక షిఫ్ట్ సూపర్‌వైజర్ ఒక్కొక్కరికి పదికి ఇన్ని అని మార్కులు వేశారు. ఆ మార్కులకూ పరీక్ష మార్కులకూ కోరిలేషన్ (రెండు కొలతలు ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే అంకె: సున్నా అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తిగా కలిసి నడుస్తాయి) లెక్కగడితే 0.12 వచ్చింది. మీ ప్లాంట్ హెడ్ గారు "అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది, 40 మెతుకులు పట్టుకున్నాం కదా, ఈ టెస్ట్ తీసేసి ఇంటర్వ్యూ పెట్టుకుందాం" అంటున్నారు. మీరేమో ఇలాంటి తెలివి పరీక్షలకూ పనితీరుకూ ఉండే కోరిలేషన్ అమెరికాలోని ఐయోవా ప్రొఫెసర్ ఫ్రాంక్ ష్మిట్ వ్యాసంలో 0.51 అని చదివారు, 2022లో వచ్చిన ఇంకో వ్యాసంలో 0.31 అని చదివారు. 0.51, 0.31, 0.12. ఈ మూడింటిలో ఏది నమ్మాలన్నది మీ ప్రశ్న.

ఉద్యోగ ఎంపిక పరీక్షలు తయారు చేయడంలో, వాటిని పరీక్షించడంలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. నా జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, మీ 0.12 ఆ రెంటిలో దేన్నీ కాదనడం లేదు, దేన్నీ ఔననడం లేదు. అది మీ టెస్ట్ గురించి కన్నా మీరు కొలిచిన తీరు గురించే ఎక్కువ చెప్తోంది. ఎందుకో చెప్పాలంటే ష్మిట్ పని దగ్గరే మొదలుపెట్టాలి. మీరున్న చోటే అప్పట్లో అమెరికాలోని హెచ్‌ఆర్ విభాగాలన్నీ ఉండేవి.

1970ల దాకా ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం ఒకటుంది. ఏ టెస్ట్ అయినా ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తే పక్క ఫ్యాక్టరీలో పనిచేయకపోవచ్చు, కాబట్టి ఎక్కడికక్కడ, ఏ ఉద్యోగానికా ఉద్యోగానికి మళ్లీ కొత్తగా పరీక్షించి చూసుకోవాల్సిందే అని. అది గాలి మాట కాదు. ఎడ్విన్ గిసెల్లీ అనే ప్రొఫెసర్ అర్ధశతాబ్దపు అధ్యయనాలు పోగుచేసి చూపించాడు. ఒకే రకం టెస్ట్, ఒకే రకం గుమస్తా ఉద్యోగం, అయినా ఒక చోట 0.45, ఇంకో చోట 0.05, మరో చోట సున్నాకు కింద, ఇలా ఉండేవి అంకెలు. దాన్ని చూసిన ఎవరికైనా ప్రతి ఫ్యాక్టరీదీ ఒక ప్రత్యేక లోకం అనే అనిపిస్తుంది.

ష్మిట్ అప్పుడు వాషింగ్టన్‌లో అమెరికా సివిల్ సర్వీస్ కమిషన్‌లో పనిచేసేవాడు. ఐయోవా యూనివర్సిటీకి వెళ్లింది 1985లో. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఉన్న జాన్ హంటర్‌తో కలిసి 1977లో ఒక వ్యాసం వేశాడు. అందులో వాళ్లు అడిగిన ప్రశ్న చాలా మామూలుది: ఈ తేడాలు ఫ్యాక్టరీల మధ్య తేడాలేనా, లేక కొలతలో ఉన్న లోపాలు ఫ్యాక్టరీల తేడాల్లా కనబడుతున్నాయా? వాళ్లు చూపించిన లోపాలు ముఖ్యంగా మూడు. పరీక్షించిన మనుషులు తక్కువ కావడం మొదటిది. పనితీరుకు వేసిన మార్కుల్లో నిలకడ లేకపోవడం రెండోది. టెస్ట్‌తో వడగట్టేసిన వాళ్లను మాత్రమే చూడడం మూడోది. మీ లెక్కలో ఈ మూడూ ఉన్నాయి. అందుకే ఒక్కొక్కటీ మీ అంకెలతోనే చూపిస్తాను.

మొదట మనుషుల సంఖ్య. ఆ రోజుల్లో అచ్చయిన ఇలాంటి అధ్యయనాల్లో మధ్యస్థంగా 68 మంది ఉండేవాళ్లని ఒక లెక్క ఉంది. అసలు నిజం ప్రతి చోటా 0.30 అనుకోండి, ఏ తేడా లేదు. 68 మందితో వంద కంపెనీలు విడివిడిగా లెక్క వేస్తే కేవలం అదృష్టం కొద్దీ కొన్నింటికి 0.10 వస్తుంది, కొన్నింటికి 0.50 వస్తుంది. వచ్చిన అంకె వట్టి అదృష్టమా కాదా అని చూసే మామూలు గణాంక పరీక్ష పెడితే అందులో దాదాపు 30 కంపెనీలు "మా దగ్గర ఈ టెస్ట్ పనిచేయడం లేదు" అని రాసుకుంటాయి. టెస్ట్ అన్ని చోట్లా ఒకేలా పనిచేస్తున్నా సరే.

మీ దగ్గర 68 కూడా లేరు. 40 మందితో వచ్చిన 0.12కు 95 శాతం నమ్మకంతో చెప్పగల హద్దులు మైనస్ 0.20 నుంచి 0.42 దాకా. అంటే టెస్ట్ పూర్తిగా వృథా అన్నా ఆ 0.12కు సరిపోతుంది, చాలా మంచిదన్నా సరిపోతుంది. ప్లాంట్ హెడ్ గారి మెతుకు సామెత అందమైనదే, కానీ అది అన్నానికి పనిచేసేది ఒకే గిన్నె, ఒకే ఎసరు, ఒకే మంట కాబట్టి. అక్కడ ఒక మెతుక్కీ ఇంకో మెతుక్కీ తేడా ఉండదు. మనుషుల్లో తేడాలున్నాయనే కదా మనం అసలు టెస్ట్ పెడుతున్నది!

ఇది నేను పుస్తకం చదివి చెప్తున్న మాట కాదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక సంస్థకు ముప్పై చిల్లర మందిని చూసి "ఈ టెస్ట్ మీకు పనికిరాదు" అని రిపోర్టు రాసిచ్చాను. వాళ్లు నా మాట మీద టెస్ట్ తీసేశారు. ఆ స్థానంలో వచ్చింది మేనేజరు గారి ఇరవై నిమిషాల ముచ్చట. హద్దులు లెక్కగట్టకుండా ఒంటి అంకె రాసిచ్చినందుకు ఆ రిపోర్టు ఇప్పటికీ నన్ను బాధ పెడుతుంది. మీరు ఏ రిపోర్టు రాసినా కోరిలేషన్ పక్కన దాని హద్దులు తప్పకుండా రాయండి. 0.12 అని ఒక్కటే రాస్తే చదివేవాళ్లు దాన్ని తూకం రాయిలా చూస్తారు.

ఇక రెండోది, సూపర్‌వైజర్ మార్కులు. నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు అందరి కళ్లూ టెస్ట్ మీదే ఉంటాయి. టెస్ట్‌ను దేనితో పోలుస్తున్నామో ఆ రెండో కొలతను ఎవరూ నిలదీయరు. పదికి ఏడు, పదికి ఎనిమిది అని ఒక మనిషి రాసిన అంకె ఆకాశం నుంచి పడ్డ నిజం కాదు. అదీ ఒక కొలతే, దానికీ లోపాలుంటాయి.

ఒకే ఉద్యోగికి ఇద్దరు సూపర్‌వైజర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మార్కులు వేస్తే ఎంతవరకు కలుస్తాయి? విశ్వేశ్వరన్, ఓన్స్, ష్మిట్ ముగ్గురూ కలిసి 1996లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి చూస్తే సగటున 0.52 తేలింది. అంటే ఒక సూపర్‌వైజర్ వేసిన మార్కుల్లోని తేడాల్లో సగానికి దగ్గరగా ఆ ఉద్యోగి పనిది కాదు. అది ఆ సూపర్‌వైజర్‌ది. ఆయన ఏ షిఫ్టులో చూశారు, ఎవరి మీద ఆయనకు నమ్మకం, మొన్న బ్యాచ్ ఆగినప్పుడు ఎవరు ఎదురుగా ఉన్నారు, ఇవన్నీ ఆ అంకెలోకి వచ్చేస్తాయి.

ఇంకా పాత సంగతి ఒకటుంది. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అమెరికా సైన్యంలో పై అధికారులు కింది అధికారులకు వేసిన మార్కులు తిరగేశాడు. దేహదారుఢ్యానికి వేసిన మార్కులకూ తెలివికి వేసిన మార్కులకూ 0.31, దేహదారుఢ్యానికీ నాయకత్వానికీ 0.39, దేహదారుఢ్యానికీ శీలానికీ 0.28 కోరిలేషన్ కనబడింది. కండలకూ శీలానికీ నిజంగా అంత సంబంధం ఉండదు. మనిషి మీద పడ్డ ఒక మొత్తం అభిప్రాయం అన్ని గళ్లలోకీ పారిందన్నమాట. దీనికి ఆయన పెట్టిన హేలో అనే పేరు ఈ రోజుకీ వాడుకలో ఉంది. మీ సూపర్‌వైజర్లు నాలుగు గళ్లు నింపినా అది నాలుగు కొలతలు కాకపోవచ్చు. ఒకే అభిప్రాయాన్ని నాలుగు సార్లు రాసి ఉండవచ్చు.

ఈ లోపానికి లెక్కలో సవరణ ఉంది. చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే ఇచ్చాడు. కోరిలేషన్‌ను పనితీరు మార్కుల నిలకడ (ఇందాక ఇద్దరు సూపర్‌వైజర్ల మధ్య చూసిన 0.52) వర్గమూలంతో భాగించాలి. 0.52 వర్గమూలం 0.72, మీ 0.12ను దానితో భాగిస్తే 0.17. అక్కడితో అది ఆగిపోతుంది, పెద్ద తేడా ఏమీ రాలేదు. మీ విషయంలో అసలు దెబ్బ కొట్టింది మూడో లోపం.

600 మందిలో పై 40 మందినే తీసుకున్నారు కదా. మీరు పంపిన వివరాల ప్రకారం 600 మంది మార్కుల ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 13, తీసుకున్న 40 మందిది 5. దీన్ని ఇలా ఊహించుకోండి: ఎత్తుకూ బాస్కెట్‌బాల్ ఆటకూ సంబంధం ఉందా అని తేల్చాలనుకుని, ఆరడుగుల మూడంగుళాల నుంచి ఆరడుగుల ఐదంగుళాల వాళ్లను మాత్రమే మైదానంలోకి దింపితే ఏం తెలుస్తుంది? పొట్టివాళ్లు మన లెక్కలో లేరు. వాళ్లు ఎలా ఆడేవాళ్లో మనకు ఎప్పటికీ తెలియదు. మీ పరీక్షలో తక్కువ మార్కులొచ్చిన 560 మంది బ్యాచ్ రికార్డు (ఒక బ్యాచ్ మందు తయారీలో ఏ పని ఎలా జరిగిందో రాసే కాగితాలు) ఎలా నింపేవాళ్లో కూడా అలాగే మీకు తెలియదు.

దీనికీ సూత్రం ఉంది. 13ను 5తో భాగిస్తే 2.6. ఆ నిష్పత్తిని సూత్రంలో పెట్టి, ఇందాకటి 0.17ను సవరిస్తే దాదాపు 0.40 వస్తుంది. 0.12 నుంచి 0.40! ఇక్కడే చాలామంది సంబరపడిపోయి, రిపోర్టులో 0.40 అని పెద్ద అక్షరాలతో వేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మైనస్ 0.20, 0.42 అనే హద్దులను కూడా ఇదే సూత్రంలో వేసి చూడండి. మైనస్ 0.60 నుంచి 0.88 దాకా అవుతాయి. సవరణ అంకెను సరైన చోటుకు జరుపుతుందే తప్ప కొత్త సమాచారాన్ని పుట్టించదు. మసక ఫొటోను పెద్దది చేస్తే మసక కూడా పెద్దదవుతుంది.

ష్మిట్, హంటర్లు చేసిన గొప్ప పని ఇక్కడ ఉంది. ఒక్క కంపెనీ 40 మందితో ఏమీ తేల్చలేదు సరే, వందల కంపెనీల చిన్న చిన్న అధ్యయనాలను కలిపి, ఒక్కోదాంట్లో అదృష్టం వాటా ఎంతో లెక్కగట్టి తీసేస్తే మిగిలేదేమిటి? 1977 వ్యాసంలో నాలుగు రకాల ఉద్యోగాల మీద ఈ పద్ధతి ప్రయోగించి చూశారు: మెకానిక్‌లు, గుమస్తాలు, యంత్రాలు చూసుకునేవాళ్లు, బల్ల దగ్గర కూర్చుని చేతిపని చేసేవాళ్లు. ఊరికో రకంగా కనబడిన అంకెల తేడాల్లో చాలా భాగం కొలత లోపాలతోనే వివరించవచ్చని తేలింది. చదువుల రంగంలో జీన్ గ్లాస్ 1976లో "మెటా అనాలిసిస్" అని పేరు పెట్టిన పద్ధతికి వీళ్లు తమ దారిలో తాము వచ్చి చేరారు. ఇప్పుడు వైద్యంలో, చదువుల్లో అందరూ వాడే ఆలోచన ఇది.

1998లో ఇద్దరూ 85 ఏళ్ల పరిశోధనను ఒక పట్టికలోకి తెచ్చారు. మీరు చదివిన 0.51 అందులోదే. సాధారణ తెలివి పరీక్షకు 0.51, ముందుగా ప్రశ్నలు ఖరారు చేసుకున్న ఇంటర్వ్యూకూ 0.51, మామూలు ముచ్చట లాంటి ఇంటర్వ్యూకు 0.38, పని చేయించి చూసే పరీక్షకు 0.54. ఎన్నేళ్ల అనుభవం ఉందనే దానికి 0.18, చదువుకున్న ఏళ్లకు 0.10, చేతిరాత చూసి మనిషిని చెప్పడానికి 0.02. ఈ పట్టిక ఎన్నో హెచ్‌ఆర్ పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లింది. టెస్టులు అమ్మే కంపెనీల బ్రోచర్లలోకి కూడా.

ఇరవై నాలుగేళ్లు గడిచాక మిన్నెసోటా యూనివర్సిటీ ప్రొఫెసర్ పాల్ సాకెట్, చార్లీన్ జాంగ్, క్రిస్టఫర్ బెర్రీ, ఫిలిప్ లీవెన్స్‌లతో కలిసి ఆ పట్టికను మళ్లీ విప్పాడు. వాళ్లు పట్టుకున్నది మనం ఇప్పుడు చెప్పుకున్న మూడో లోపానికి చేసే సవరణనే, అంటే వడపోత సవరణనే. పాత అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఎలా జరిగాయంటే, అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు టెస్ట్ పెట్టి, వాళ్ల పనితీరుతో పోల్చారు. ఆ ఉద్యోగులను ఆ టెస్ట్‌తో ఎంపిక చేయలేదు. వేరే దేనితోనో, సిఫారసుతోనో ఇంటర్వ్యూతోనో తీసుకున్నారు. కాబట్టి టెస్ట్ మార్కుల వ్యాప్తి పెద్దగా కుదించుకుపోలేదు. అలాంటి చోట కూడా వడపోత సవరణను గట్టిగా వేసేస్తే అంకె అన్యాయంగా ఉబ్బుతుంది. ఎక్కడ ఎంత కుదింపు జరిగిందో తెలియనప్పుడు సవరించకుండా ఉండడమే మంచిదని వాళ్ల వాదం.

ఆ లెక్కతో తెలివి పరీక్ష 0.51 నుంచి 0.31కి దిగింది. ప్రశ్నలు ఖరారు చేసుకున్న ఇంటర్వ్యూ 0.42తో పైకొచ్చింది, ఉద్యోగ పరిజ్ఞాన పరీక్షకు 0.40, పని చేయించి చూసే పరీక్షకు 0.33. మామూలు ముచ్చట ఇంటర్వ్యూ 0.19కి, అనుభవం ఏళ్లు 0.07కి పడిపోయాయి. ష్మిట్ దగ్గర చదివినవాళ్లు, ఆయన వైపు వాళ్లు దీనికి గట్టిగానే జవాబులిచ్చారు. సాకెట్ బృందం అతి జాగ్రత్తతో అవసరమైన సవరణ కూడా మానేసిందని వాళ్ల అభ్యంతరం. వాదన ఇంకా నడుస్తోంది. ష్మిట్ 2021లో పోయాడు, ఈ వ్యాసాన్ని ఆయన చూడలేదు.

నేను సాకెట్ వైపే మొగ్గుతాను. 1989లో అమెరికా జాతీయ విజ్ఞాన మండలి తరఫున వేసిన కమిటీ కూడా అప్పట్లో ప్రభుత్వ ఉపాధి కార్యాలయాల్లో వాడిన టెస్ట్ బ్యాటరీని (కొన్ని టెస్టుల కట్టను) పరిశీలించినప్పుడు, ఆధారం లేని వడపోత సవరణ చేయడానికి ఒప్పుకోలేదు. ఆ జాగ్రత్త అప్పుడే ఉంది, మనమే పట్టించుకోలేదు. కానీ ఇందులో మీకు సంబంధించిన మెలిక ఒకటుంది, అది గమనించండి. సాకెట్ మాట "ఎప్పుడూ సవరించకు" అని కాదు, "నిజంగా కుదింపు జరిగిందని తెలిసినచోటే సవరించు" అని. మీరు అదే టెస్ట్‌తో 600 మందిని 40కి వడగట్టారు, రెండు విచలనాలూ మీ దగ్గర రాసి ఉన్నాయి. కాబట్టి మీ విషయంలో సవరణ న్యాయమే. లేనిదల్లా మనుషుల సంఖ్య.

ఈ అంకెలు చూసి చాలామంది "0.31 అంటే చాలా తక్కువ కదా" అని పెదవి విరుస్తారు. వీటిని మామూలు మాటల్లోకి మార్చి మీ యాజమాన్యానికి ఇలా చెప్పండి. టెస్ట్‌లో పై సగంలో వచ్చిన వంద మందిని తీసుకుంటే, కోరిలేషన్ 0.31 అయినప్పుడు అందులో దాదాపు 60 మంది పనిలో కూడా పై సగంలో ఉంటారు. 0.51 అయితే 67 మంది. 0.19 అయితే 56 మంది. ఏ ఎంపికా లేకుండా చీటీ తీస్తే 50. అంటే ఏ పద్ధతీ జోస్యం కాదు. ష్మిట్ అంకెలు నమ్మినా వంద మందిలో 33 మంది విషయంలో అంచనా తప్పుతుంది. అయితే మీకు కలిసొచ్చే విషయం ఇంకోటి ఉంది: మీరు 600లో 40 మందినే తీసుకుంటున్నారు. అంత గట్టిగా వడగట్టగలిగినప్పుడు 0.31 కూడా చాలా పని చేస్తుంది. లెక్క ప్రకారం అలా ఎంపికైన సగటు మనిషి పనితీరు, వచ్చిన అభ్యర్థుల్లో వందకు 72, 73 మంది కన్నా పైన ఉంటుంది. టేలర్, రసెల్ అనే ఇద్దరు 1939లోనే ఈ సంగతికి పట్టికలు వేసి పెట్టారు. 50 పోస్టులకు 60 మంది వచ్చే చోట ఎంత మంచి టెస్ట్ అయినా పెద్దగా చేసేదేమీ ఉండదు.

ఇక ప్లాంట్ హెడ్ గారు కోరుతున్న ఇంటర్వ్యూ సంగతి. ఆయన మనసులో ఉన్నది రెండు పట్టికల్లోనూ కింద ఉన్న ముచ్చట ఇంటర్వ్యూ అయితే, మీరు టెస్ట్ తీసేసి దాన్ని పెట్టుకోవడం నష్టమే. హ్యూస్టన్‌లో టెక్సస్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో 1979లో అనుకోకుండా ఒక ప్రయోగం జరిగిపోయింది. ఇంటర్వ్యూలు చేసి, వరస ర్యాంకులు వేసి 150 మందిని చేర్చుకున్నాక, ఇంకో 50 సీట్లు పెంచమని శాసనసభ చెప్పింది. అప్పటికి మిగిలింది ర్యాంకుల్లో అట్టడుగున ఉన్నవాళ్లే. వాళ్లనే చేర్చుకున్నారు. తర్వాత చదువులో, ఆసుపత్రి పనిలో, డిగ్రీ పూర్తి చేయడంలో మొదటి 150 మందికీ ఈ 50 మందికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇంటర్వ్యూ చేసిన పెద్దలు ఎంత నమ్మకంగా ఆ ర్యాంకులు వేసి ఉంటారో ఆలోచించండి.

మన దగ్గర ఇంటర్వ్యూ అంటే ఉన్న భయం దీనికి తోడు. సిఫారసులు నడుస్తాయన్న అనుమానంతోనే కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది, తెలంగాణ 2022లో గ్రూప్ 1, గ్రూప్ 2కు కూడా ఎత్తేసింది. అభ్యర్థుల బాధ చూసినవాడిగా ఆ నిర్ణయాల వెనక ఉన్న ఆవేదన నాకు అర్థమవుతుంది. కానీ పరిశోధన చెప్తున్నది ఇంటర్వ్యూ మొత్తంగా చెడ్డదని కాదు. కొలతగా మార్చని ఇంటర్వ్యూ చెడ్డదని. మీది ప్రైవేటు కంపెనీ, మీ చేతిలో ఆ వెసులుబాటు ఉంది.

కొలతగా మార్చడమంటే ఏమిటో మీ పనితోనే చెప్తాను. ముందు మీ అనుభవమున్న ఆపరేటర్లను, షిఫ్ట్ ఇన్‌ఛార్జులను విడివిడిగా కూర్చోబెట్టి అడగండి: "పోయిన ఏడాదిలో ఒక ఆపరేటర్ చేసిన పని వల్ల బ్యాచ్ నిలబడిన సందర్భం ఒకటి, బ్యాచ్ పోయిన సందర్భం ఒకటి చెప్పండి." పదిమందిని అడిగితే కథలు కుప్పలుగా వస్తాయి. ఒకడు తూకం తేడా వచ్చినా దాచి సంతకం పెట్టేశాడు. ఇంకొకడు లైన్ క్లియరెన్స్‌లో (కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు పాతదాని ఆనవాళ్లు లేవని చూసే తనిఖీలో) పాత లేబుల్ కనబడితే సీనియర్ కసిరినా వినకుండా లైన్ ఆపించాడు. జాన్ ఫ్లనగన్ 1954లో రాసిన క్రిటికల్ ఇన్సిడెంట్ పద్ధతి అంటే ఇదే. ఆ కథల నుంచే ప్రశ్నలు పుట్టాలి: "రాత్రి షిఫ్టులో రికార్డులో మీకన్నా ముందున్నవాళ్లు ఒక గడి ఖాళీగా వదిలారు, బ్యాచ్ వెళ్లిపోవడానికి పది నిమిషాలుంది, ఇన్‌ఛార్జ్ ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేస్తారు?" ప్రతి ప్రశ్నకూ ఏ జవాబుకు 1, ఏ జవాబుకు 3, ఏ జవాబుకు 5 అన్నది ముందే రాసి పెట్టుకోవాలి. అందరికీ అవే ప్రశ్నలు, అదే వరస. ఇద్దరు కూర్చోవాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకునేలోపే ఎవరి మార్కులు వాళ్లు రాసేయాలి. ఊరు, ఇంటిపేరు, నాన్నగారి ఉద్యోగం గురించి కబుర్లు వద్దు. అవే మనసును ముందే ఒక వైపు వంచేస్తాయి.

తర్వాత టెస్ట్ మార్కులూ ఇంటర్వ్యూ మార్కులూ కలపడం. ఇక్కడ పెద్దవాళ్లు "రెండూ చూసి మొత్తం మీద నిర్ణయిద్దాం" అంటారు. ఒప్పుకోకండి. ముందే వాటా నిర్ణయించుకుని కూడండి. నాథన్ కంసెల్, ఆయన సహచరులు 2013లో పోల్చి చూస్తే, ఒకే సమాచారాన్ని మనుషులు మనసులో కలిపినప్పుడు పనితీరుతో 0.28, సూత్రంతో కలిపినప్పుడు 0.44 వచ్చింది. చేతిలో ఉన్నది అదే సమాచారం. మారింది కలిపిన తీరు ఒక్కటే.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. మీ టెస్ట్ ఇంగ్లీషులో ఉందా? శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఐటీఐ, డిప్లొమా చేసి వచ్చే పిల్లల్లో తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఉంటారు. అలాంటి అబ్బాయికి ఇంగ్లీషులో పొడుగాటి లెక్క ఇస్తే మీరు కొలుస్తున్నది లెక్కనా ఇంగ్లీషునా? పనిలో ఇంగ్లీషు కావాలి, కాదనను. బ్యాచ్ రికార్డులు, ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన సూచనలు) ఇంగ్లీషులోనే ఉంటాయి. అయితే ఆ రికార్డు నుంచే ఒక పేజీ తీసుకుని, చదివి అర్థం చేసుకుని చేసే చిన్న పరీక్ష పెట్టండి. మిగతా లెక్కలు, బొమ్మల ప్రశ్నలు తెలుగులో కూడా ఇవ్వండి. అమెరికాలో ఈ పాఠం కోర్టులో నేర్చుకున్నారు. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ కంపెనీ హైస్కూల్ సర్టిఫికెట్టు, రెండు టెస్టులు పెట్టి పై ఉద్యోగాలకు దారి మూస్తే నల్లజాతి కార్మికులు కేసు వేశారు. పనితో సంబంధం చూపించలేని టెస్ట్ చెల్లదని 1971లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడి రంగం పనితో సంబంధాన్ని రుజువు చేయడం మీద అంత పట్టుదలగా ఉండడానికి ఆ తీర్పు ఒక పెద్ద కారణం. సాకెట్ పట్టికలోనూ, తెలివి పరీక్షల్లో అక్కడి తెల్ల, నల్ల అభ్యర్థుల సగటుల మధ్య ఉండే తేడా ఖరారు ప్రశ్నల ఇంటర్వ్యూలో చాలా తక్కువ. అంచనా తగ్గకుండా అన్యాయం తగ్గించే దారి దొరికితే దాన్ని వదులుకోకూడదని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు మీరు చేయవలసింది. టెస్ట్ ఉంచండి, దాని పక్కన ఇంటర్వ్యూ చేర్చండి. వచ్చే బ్యాచ్ నుంచి ఒక్కో ట్రైనీకి ఇద్దరు సూపర్‌వైజర్ల చేత విడివిడిగా మార్కులు వేయించండి. ఒక్కరి నిలకడ 0.52 అయితే ఇద్దరి సగటుది 0.68 అవుతుంది, ముగ్గురిదైతే 0.76. ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇంతకన్నా ఉండదు. పదికి ఇన్ని అని కాకుండా, ఏ ప్రవర్తనకు ఏ అంకె అన్నది రాసి ఇవ్వండి: "రికార్డు నింపడంలో తప్పులు తనే పట్టుకుని చెప్తాడు" ఒక అంకె, "అడిగితేనే చెప్తాడు" ఒక అంకె. మీరు ఇంటర్వ్యూ కోసం పోగేసిన కథలే దీనికీ పనికొస్తాయి. మూడు బ్యాచ్‌లు, వీలైతే మీ గ్రూపులోని ఇంకో ప్లాంట్ లెక్కలు కూడా కలిపాకే మళ్లీ కోరిలేషన్ వేయండి. ఈ 40 మంది లెక్క కూడా దాచండి, అది వృథా కాదు, మొత్తంలో ఒక భాగం.

సూపర్‌వైజర్లకు ఎవరికి టెస్ట్‌లో ఎన్ని మార్కులొచ్చాయో తెలుసా అన్నది కూడా కనుక్కోండి. తెలిస్తే వాళ్లు వేసే మార్కుల్లోకి టెస్ట్ మార్కులే మళ్లీ దూరిపోతాయి, అప్పుడు కోరిలేషన్ 0.60 వచ్చినా నమ్మడానికి లేదు. 1956లో ఏటీ అండ్ టీ కంపెనీలో డగ్లస్ బ్రే మేనేజర్ల మీద పెద్ద అధ్యయనం మొదలుపెట్టినప్పుడు, ఎవరు ఎంత బాగా చేశారన్నది కంపెనీలో ఎవరికీ చూపించలేదు. ఏళ్ల తర్వాత ఎవరు పైకి ఎదిగారో చూసి, అప్పుడే పోల్చాడు. మీరూ ఆ 600 మంది మార్కుల షీటును మీ దగ్గరే ఉంచుకోండి, షిఫ్టు ఆఫీసుకు వెళ్లనివ్వకండి. ఎంపిక కాని 560 మంది మార్కులు కూడా చెరిపేయకండి. వడపోత సవరణకు కావలసిన 13 అనే అంకె వాళ్ల దగ్గరి నుంచే వచ్చింది.

సూపర్‌వైజర్ల మార్కుల ఫారం, ఇంటర్వ్యూ ప్రశ్నలు ముసాయిదా రాసుకున్నాక ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.